ఏకడం

సెమినారు హాల్లో నా పేరు తప్పు పిలిచినారు.
సర్టిఫికెట్లో డి. హుసేన్‌బీ.
ఆ 'డి' పొట్టలో మూడు తరాల దూది ఉండాది,
ఎవురూ విప్పి చూడలేదు.

నా పత్రం రచయిత లేని రచన గురించి.
వినిర్మాణం, అన్నారు సారు.
అనంతపురం ఎండలో ఆ మాట
నాపరాయి ముక్క మాదిరి నోట్లో తిరిగింది నాలుగు దినాలు.
హాస్టలు మెట్ల మీద కూచోనుంటే తట్టింది:
మా ఇంట్లో దీనికి ఎప్పట్నుంచో ఒక మాట ఉండాది.
ఏకడం.

జేజినాయన విల్లు భుజానికేసుకొని
ఆదోని చుట్టూ ఊరూరా తిరిగేవాడు.
గడ్డకట్టిన పరుపు విప్పి, తంతి మీద తట్టి తట్టి
పోగును పోగునుంచి విడదీసేవాడు.
మేడింటి పరుపులో అత్తరు, ఒక విరిగిన గాజుముక్క.
కూలోళ్ల బొంతలో చీరపేలికలు, పసిబిడ్డ ఉచ్చ.
వర్గం గురించి నేను పరీక్షకు చదివిందంతా
ఆయన ముక్కు ముందే చదివేసింది.
దగ్గుతా చదివింది.

నాయన కాలానికి ఫోం పరుపులొచ్చినాయి.
విల్లు అటకెక్కింది.
నాయన కార్బన్ పేపరు చంకలో పెట్టుకొని
తాలూకాఫీసు గోడకింద అర్జీలు రాయను కూచున్యాడు.
అయ్యా, నేను కౌతాళం కాపురస్తురాలిని.
అయ్యా, నేను బోరు ఎండిన రైతును.
అయ్యా, నేను జిన్నింగు మిల్లులో వేలు పోగొట్టుకున్నవాణ్ణి.
ఎన్ని వేలసార్లు రాసింటాడో 'నేను' అని!
ఒక్క నేనూ ఆయన కాదు.
అక్షరం ఈయనది, వేలిముద్ర వాళ్లది.
అర్జీకి పది రూపాయలు.
చిల్లర లేకుంటే ఎనిమిది.

రచయిత చచ్చిపోయినాడని సారు బోర్డు మీద రాస్తే
క్లాసంతా నోట్సులోకి దించుకునింది.
చెయ్యెత్తబోయి నేను మానుకున్యా.
సారూ, చావాలంటే ముందు ఉండాల కదా.
మా నాయన పేరు ఏ కాగితం మీద ఉండిందని?

అర్థం పాఠకుడి చేతిలో ఉంటుందన్నారు పై వారం.
మా నాయన పాఠకుణ్ణి నేను చూసినాను.
ఏడో తరగతిలో, ఒక సోమవారం,
నాయనకు క్యారియరు ఇచ్చి, ఆఫీసు కిటికీలోంచి తొంగిచూస్తే
గుమాస్తా అర్జీలను చదవకుండానే
మూడు కట్టలు కడ్తాండాడు.
ఒక కట్ట మీద ఉగ్గాని, బజ్జీ.
నూనె తాకినచోట కాగితం అద్దమయ్యి
నాయన అక్షరాలు వెనకవైపు నుంచి
తిరగబడి కనపడ్తాండాయి.
సాహిత్యంలో నేను చూసిన మొదటి వ్యాఖ్యానం అదే.

రాతకు బయట లోకమంటూ ఉందా అని
ప్రశ్నోత్తరాల్లో ఒకాయన అడిగినాడు, కళ్లద్దాలు తుడుచుకుంటా.
ఉండాది సార్, అన్నాను.
కాకపోతే దానికి రశీదు లేదు.

నవ్వినారు. చప్పట్లు కూడా.
భోజనాల కాడ ఎవరో అన్నారు:
భలే ఏకిపారేసినావమ్మా.
నాకు అన్నం సహించలేదు.
జేజినాయన ఏకినాడు గానీ పారెయ్యలేదు ఎన్నడూ.
విడిపోయిన దూదిని గాలికి ఒదిలితే
పొద్దుగూకేలోపల ఊరవతల ముళ్లకంపకు తగులుకుంటాది.
మళ్లీ గలీబులోకి కూరి, దబ్బనంతో కుట్టి,
ఎవరో ఒకరు పండుకుంటేనే
పని అయినట్టు, కూలి వచ్చినట్టు.

ఆదోనికి రాత్రి బస్సులో వచ్చినాను.
నాయన పోయి నలభై దినాలు దాటింది.
మరణ ధ్రువపత్రంలో హుసేనప్ప కాస్తా ఉసేనయ్య అయినాడు.
సవరణకు అర్జీ పెట్టాలంట.
అమ్మ గూట్లోంచి ఆయన అట్ట తెచ్చి నా ముందర పెట్టింది,
క్లిప్పుకు ఇంకా తుప్పు, మూలన సిరా మరక.

అయ్యా, నేను

అని రాసి ఆగిపోయినాను.
కామా తర్వాత ఎవరొస్తారో
ఐదేండ్లు చదివినా తెలీలేదు.

ఈపాటికి మీ నాయన మూడు రాసేసుండు, అంటాది అమ్మ.
కొంచేపు నా చేతివంక చూసి,
కింద కార్బన్ పెట్టినావా? అని అడుగుతాది.